పాలుపోని మధ్యాహ్నం

ఇంటికి పోవా బిడ్డా అని అడిగితే, “తాగినంక పోత,” అన్నది రాజ్యశ్రీ. సరిగ్గా అప్పుడే భద్రాచలం బస్సు హారను మోగింది. జామకాయల గంప ముందు కూచున్న మంగ్లి చెవిలో ఆ మాట “తాగినంక మోత” అని పడింది.

మంగ్లి చేతిలోని జామకాయ చేతిలోనే ఆగింది. “ఎవరు బిడ్డా, మీ అత్తనా?”

“అవ్, అత్తమ్మనే పడుతది,” అన్నది రాజ్యశ్రీ ఎదురింటి వైపే చూస్తూ.

ఇక మంగ్లికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. మూడు రోజులుగా కళ్లారా చూస్తూనే ఉంది. మధ్యాహ్నం మూడు కాగానే ఎదురింటి సుబ్బరత్నం కోడలి చీరలూ నైటీలూ సంచిలో కుక్కి గడప బయట పెడుతుంది. కోడలు రాజ్యశ్రీ ఆ సంచి పట్టుకుని వచ్చి ములకలపల్లి బస్సు స్టేజీలో సిమెంటు బల్ల మీద కూచుంటుంది. వెనకాల తలుపుకు గొళ్లెం పడుతుంది. మొదటిరోజు ఆరు నెలల పిల్లవాడి ఏడుపు స్టేజీ దాకా వినిపించింది. ఇప్పుడు అదీ లేదు. కోడలేమో ఆర్టీసీలో కండక్టరు. ప్రసూతి సెలవులో ఉన్నా కండక్టరు కండక్టరే కదా, వచ్చిన ప్రతి బస్సునూ రైట్ రైట్ అన్నట్టు వదిలేస్తోంది. లోకానికంతా టికెట్లు కొట్టే పిల్లకు ఇంట్లో టికెట్టు చించేశారన్నమాట.

స్టేజీ అన్నాక నాటకం జరగక తప్పదు. మంగ్లి లేచి పక్కనున్న చాయ్ హోటల్ షుకూర్ దగ్గరికి పోయింది.

“షుకూర్ భాయ్, ఆ ముసలమ్మ తాగుతదంట. తాగి కోడలి వీపు మోత మోగిస్తదంట.”

“సుబ్బరత్నమ్మనా? షుగరని చాయ్ గూడ తాగదు గదా ఆమె.”

“చాయ్ తాగనోళ్లు ఇంకేం తాగరని రాసుందా? పిల్ల మొఖం జూడు. అత్త ఫోను జేస్తుంటే ఎత్తనీకె భయపడుతుంది.”

షుకూర్ చూశాడు. రాజ్యశ్రీ ఒళ్లో ఫోను మోగుతోంది. ఆమె దాన్ని చూస్తోంది, ఎత్తడం లేదు. మోగి మోగి అదే ఊరుకుంది. ఆమె కొంగు ఛాతీ మీదికి లాక్కుని, రెండు చేతులూ దాని మీద గట్టిగా కట్టుకుంది. బల్ల మీద ఇంకో నలుగురు కూచునే జాగా ఉంది. ఆమె మాత్రం ఒక చివరకు ఒదిగి కూచుంది, పక్కన సంచి. బస్సు దిగేవాళ్లు దిగారు, ఎక్కేవాళ్లు ఎక్కారు. బస్సు టేకు చెట్ల మలుపు తిరిగి పోయాక, లేచిన దుమ్ము కూడా కాసేపటికి కూచుంది. ఆమె పక్కన మటుకు ఎవరూ కూచోలేదు.

షుకూర్ స్టవ్ ఆపేశాడు. చాయ్ తాగుతున్న నలుగురూ న్యాయంలో పాలుపంచుకుందామని గ్లాసులు కింద పెట్టారు. అందరూ కలిసి పోయి సుబ్బరత్నం తలుపు కొట్టారు.

తలుపు సగం తెరుచుకుంది. “మెల్లిగా కొట్టండయ్యా, ఇప్పుడే పడుకున్నాడు.”

“సీసా పడుతున్నవంట గదా అమ్మా,” అన్నాడు షుకూర్. “ఊరంత తెల్సిపోయింది.”

“తెలిస్తే తెలియనీ. మూడు రోజుల్నుంచీ పడుతూనే ఉన్నా.” సుబ్బరత్నం చేతిలోని సీసా పైకెత్తింది. అడుగున తెల్లగా రెండు చుక్కలు. పైన పాలపీక.

అందరూ ముందు సీసాను చూశారు. తర్వాత మంగ్లిని చూశారు.

“తాగినంక మోత అన్నట్టే వినపడ్డది నాకు,” అన్నది మంగ్లి.

“ఓసి నీ చెవులు బంగారం గానూ,” అన్నది సుబ్బరత్నం, విషయం అర్థమై. “తాగాల్సింది నేను కాదే, నా మనవడు. సోమవారం వాళ్లమ్మ డ్యూటీలో చేరాలి. తల్లిపాలే పిండి సీసాలో పోశాం. అయినా పీక నోట్లో పెడితే పీక తెగేలా ఏడుపు. తల్లి వాసన తగిలినంతసేపు వాడు సీసా ముట్టడని ఆశా వర్కరు చెప్పింది. అందుకే తల్లి బయటికి, తల్లి చీరలూ బయటికి.”

బిడ్డకు గొంతులోకి పాలు పోక, ఇంట్లోవాళ్లకు పాలుపోక జరిగింది ఇదీ. మంగ్లి చెంపలేసుకుంది.

“ఇంతకు తాగిండా?” అడిగాడు షుకూర్.

“చుక్క వదల్లేదు. రమ్మని ఫోను చేస్తే ఆమె ఎత్తట్లేదు. మీరైనా చెప్పండి బాబూ.”

వెళ్లినవాళ్లంతా నవ్వుకుంటూ స్టేజీకి తిరిగొచ్చారు. మంగ్లి తన గంపలోంచి దోర జామకాయ ఒకటి ఏరి రాజ్యశ్రీ చేతిలో పెట్టింది.

“తప్పయింది బిడ్డా, నా చెవులు గిట్ల జేసినయి. నీ కొడుకు తాగిండు. ఇంట్లకు పో.”

రాజ్యశ్రీ లేవలేదు. “ఇంకో గంట కూసుంట.”

“తాగిండంటె నమ్మవేంది చెల్లె?” అన్నాడు షుకూర్. “ఖాళీ సీసా మేమందరం జూసినం.”

ఆమె కొంగు కింద జాకెట్టు తడిసింది. కొంగు ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది.

“వాడు మొదటిరోజే నేర్చుకున్నడన్నా,” అన్నది. “మూడు రోజుల సంది నేర్చుకుంటున్నది నేను.”