పక్కింటి రందా

"ఆదివారం స్లావా. శనివారానికి నీ వర్క్‌షాపులో రెండు బల్లలు పట్టాలి. పట్టలేదా, పాత ఇనుము వాణ్ణి పిలిచి మొత్తం ఎత్తించేస్తా. నిన్ను కూడా ఎక్కించుకుంటాడేమో అడుగుతా" మొగుడు వుకాషిన్‌తో అంది దెసంక, చిక్కుళ్లు ఏరుతూ.

వుకాషిన్ వేళ్ల మీద లెక్కేశాడు. ఇంటి దేవుడి పండగకి పిలవకపోయినా పాతికమంది దిగుతారు. పోయినేడు చోటు చాలక, వాళ్ల పెళ్లికి సాక్షిగా నిలబడ్డ మిలుటిన్ అంతటివాడు మంచం మీద కూర్చుని చేప తిన్నాడు. దుప్పట్లో ముళ్లు ఈస్టర్ దాకా దొరుకుతూనే ఉన్నాయి.

కానీ ఆ వర్క్‌షాపులో పారేయడానికి ఏముంది? అన్నీ పనికొచ్చేవే. ముప్ఫై ఏళ్లుగా పనికొస్తాయని దాచినవే. తలుపు దగ్గర ఒక స్టూలు, దాని మీద వుకాషిన్. అక్కణ్ణించి పైకప్పు దాకా సామాను. వెనక గోడ ఎలా ఉంటుందో ఆయనకే గుర్తులేదు.

సోమవారం పొద్దున్నే ఒక డబ్బా దించాడు. దాన్నిండా వంకర మేకులు. ఒక్కొక్కటే తీసి చూశాడు, నిట్టూర్చాడు, మళ్లీ డబ్బాలోనే పోశాడు. ఈ పూటకి ఈ చాకిరీ చాలనుకుని, తొమ్మిదింటికి ఎప్పట్లాగే కఫానాకి కాఫీ తాగడానికి పోయాడు.

పదకొండింటికి తిరిగొస్తుంటే పక్కింటి స్వెతోజర్ గేటు దగ్గర ఆపాడు.

"అన్నా, పల్లెలో మా మామ ఇల్లు ఖాళీ చేశారు. ఆ సామానంతా తెచ్చి నా నెత్తిన పడేశారు. నాకా, సుత్తికీ గరిటెకీ తేడా తెలీదు. కావలసింది ఏరుకో. మిగిలింది పాత ఇనుము వాడికే."

ఆ ఇనుము వాడి పేరు చెవిన పడగానే వుకాషిన్ వాళ్ల షెడ్డులోకి దూరాడు. దుమ్ములోంచి ఒక రందా బయటికి లాగాడు. చిత్రిక పట్టే ముసలి రందా. పిడి మీద చెయ్యి వేస్తే, ఆయన అరచేతికే కొలత తీసి చేసినట్టు అతుక్కుపోయింది.

"ఇలాంటిదే నా దగ్గరా ఎక్కడో ఉండాలిరా. ఇరవై ఏళ్లుగా వెతుకుతున్నా."

"అయితే జోడీ కుదిరింది. ఊరికే మాత్రం ఇవ్వను. రోజుకో సీసా, మీ ఇంటి రాకియా సారా."

"మామ సొమ్ముకి బేరాలు కూడానా, సిగ్గులేనోడా!" అన్నాడు గానీ, సీసా కోసం ఇంటికి పరుగెత్తాడు.

మిగతా గుట్ట చూసి మాత్రం ముక్కు చిట్లించాడు. "చెవుల్లేని కప్పులు. అడుగులేని బకెట్టు. నాలుగు గుర్రపు నాడాలు. గుర్రం ఉండేదా ఆయనకి?"

"లేదనుకుంటా అన్నా."

"మరి మనిషన్నవాడు ఇవి దాచుకుంటాడా? ఇనుము వాణ్ణి పిలు. ఈ పూటే పిలు."

"నువ్వే చెప్పాక ఇంకేముంది" అని స్వెతోజర్ టోపీ కళ్ల మీదికి లాక్కున్నాడు.

ఆ మధ్యాహ్నం వుకాషిన్ రందాకి తుప్పు గీకి, నూనె పట్టించి, తలుపు పక్క గోడకి మేకు కొట్టి తగిలించాడు. కింద చీటీ అంటించాడు: 'స్వెతోజర్ దగ్గర కొన్నది'. సీసా పోసి కొన్న వస్తువు మరి. నేల మీద పడేస్తాడా?

మంగళవారం మళ్లీ కఫానా, మళ్లీ గేటు, మళ్లీ సీసా. రెండు ఉలులు, ఒక రంపం వచ్చాయి. బుధవారం పటకారు, సుత్తి. నేలమాళిగలో సీసాలు తగ్గిపోతున్నా దెసంక నోరెత్తలేదు. గురువారానికి గోడ మీద పదకొండు చీటీలు వెలిశాయి. వింతేమిటంటే, సామాను తెచ్చేకొద్దీ లోపల చోటు పెరుగుతోంది.

"చూశావటే! రోజూ పొద్దున్నే అరగంట సర్దుతున్నా కదా. ఓపికుంటే చోటు దానంతటదే వస్తుంది."

"అరగంటకే ఇంతా! నీ చేతిలో ఏదో మహత్తుందయ్యా" అంది దెసంక, తలగుడ్డకి అంటుకున్న బూజు దులుపుకుంటూ.

శనివారం వెనక గోడ బయటపడింది. అందులో కిటికీ ఉందని చూసి వుకాషిన్ నోరు తెరిచాడు. పెళ్లయిన కొత్తలో తనే పెట్టాడట.

ఆదివారం రెండు కాదు, మూడు బల్లలు పట్టాయి. కొవ్వొత్తి వెలిగించారు, పండగ రొట్టె కోశారు. మిలుటిన్ దర్జాగా కుర్చీలో కూర్చుని చేప తిన్నాడు. వుకాషిన్ గ్లాసెత్తి గోడ చూపించాడు.

"ఇవన్నీ మన స్వెతోజర్ వాళ్ల మామవే. పనిముట్లు బంగారం గానీ, ఎంత చెత్త పోగేశాడయ్యా ఆ మనిషి! గుర్రం లేనోడికి నాలుగు నాడాలు! బుద్ధున్నవాడెవడైనా దాస్తాడా?"

అందరూ పడీపడీ నవ్వారు. స్వెతోజర్‌కి మాత్రం చేపముల్లు గొంతుకి అడ్డంపడి కళ్లమ్మట నీళ్లొచ్చాయి. దెసంక అతని వీపు చరిచి, నీళ్లిచ్చి, గోడ మీది సుత్తి అందుకుంది.

"చలిగాలి కొడుతోంది, ఆ కిటికీ బిగించి వస్తా" అంటూ బయటికి నడిచి, వారం రోజులుగా మొగుడు కాఫీకి వెళ్లిన వేళ ఆయన సామానునే బయట్నించి లాగి స్వెతోజర్ చేతికి అందించిన ఆ వెనక కిటికీకి గట్టిగా మేకులు కొట్టేసింది.