ఆ మలుపు దాకా

కొడుకు ఆపరేషన్ గట్టెక్కాలని మేరీమాత గుడికి కాలినడకన బయల్దేరిన తల్లి, పదహారో రోజు మధ్యాహ్నం రోడ్డు పక్క బెంచీ మీద చతికిలబడింది. కూతురు కింద కూర్చుని ఆమె అరికాళ్ల బొబ్బలకు గుడ్డ చుడుతోంది.

పొద్దున్నే వదిన ఫోన్ చేసింది. అన్నయ్య ఇక లేడు. ఆ మాట కూతురు ఇంకా తల్లికి చెప్పలేదు.

"అమ్మా, బస్సెక్కి ఇంటికెళ్లిపోదాం."

"ఇంకెంతే? రెండు రోజుల దారేగా!"

"అది కాదమ్మా... అన్నయ్య..."

తల్లి గబుక్కున ఆమె నోరు మూసింది.

"పొద్దున్నుంచీ నీ మొహం చూస్తూనే ఉన్నానే. నువ్వు చెప్పేస్తే ఇక నా కాళ్లు లేవవు. ఆ మలుపు దాకా వాడి కోసం నడవనీ. అక్కడ చెబుదువుగాని."

కూతురు చెప్పులు తొడిగి, భుజం ఆసరా ఇచ్చింది.

మలుపు పట్టుమని వంద గజాల దూరం కూడా లేదు.