సోమవారానికల్లా బండి

ముత్తక్క బండి కిందికి దూరి చాలాసేపైంది. కాళ్లు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి.

చాంద్ పాషా ఆ కాళ్లకేసి చూస్తూ స్టూలు మీద కూలబడ్డాడు. బూర్గంపాడులో, ఎస్టీడీ బూతు పక్క షెడ్డులో పాత బండ్లు అమ్మడం అతని పని. మొన్న బుధవారం దాకా తన గడ్డం నల్లగానే ఉండేదని, గురువారం ఈ కుటుంబం వచ్చాకే తెల్లబడిందని అతని గట్టి నమ్మకం.

దూలయ్య, పెళ్లాం ముత్తక్క, కొడుకు జంపయ్య. గుట్టల అవతలి ఊరు వాళ్లది. పొద్దున్నే సద్దిమూటతో దిగుతారు. షెడ్డులో ఉన్న బండ్లన్నీ చూస్తారు. తింటారు. మళ్లీ మొదటి బండి దగ్గర్నుంచి చూస్తారు.

"సోమవారం పెద్దసార్లు వస్తున్నరు భాయ్," అని మొదటి రోజే చెప్పాడు దూలయ్య. "ఆళ్లొచ్చే యాళ్లకు బండి మా ఊళ్ల కనపడాలె. లేకుంటే మా బతుకు ఇంకో పదేండ్లు గింతే."

చాంద్ పాషాకు అంతా అర్థమైపోయింది. జంపయ్యకు సంబంధం చూస్తున్నారు. పిల్ల తరఫువాళ్లు నౌకరీ ఉన్నోళ్లు. వాకిట్లో బండి కనిపిస్తేనే మాట కలుపుతారు. ఇట్లాంటివి ఎన్ని చూడలేదు!

ఇక్కడికి రాకముందు వీళ్లు ఖమ్మంలో కొత్త బండ్ల షోరూముకూ పోయొచ్చారు. టై కట్టుకున్న కుర్రాడొకడు కూల్ డ్రింకులిచ్చి, ఏ రంగు కావాలని అడిగాడట. రంగు సరే, ముందు బండిని వెనకవైపు కాస్త ఎత్తి చూస్తామన్నారట వీళ్లు. ఆ కుర్రాడు ఉద్యోగం మానేసి ఇప్పుడు బోనకల్ దగ్గర మిరపతోట చూసుకుంటున్నాడని చెప్పుకుంటారు.

ముత్తక్క బయటికొచ్చింది. షెడ్డులో దుమ్ము సగం ఆమె జుట్టులోనే ఉంది.

"అడుగున ఇనుము గట్టిగనే ఉంది తమ్మీ. కానీ బండే మరీ పెద్దగుంది."

"పెద్దగుంటే మంచిదే గదక్కా! ఇంటిల్లిపాది కాళ్లు జాపుకొని కూసోవచ్చు."

"కూసునేదెవరు?" అంది ముత్తక్క.

చాంద్ పాషా కళ్లు మూసుకున్నాడు. ఇంటికి పోయి, పెళ్లాం జహీరా పెట్టింది తిని, వచ్చే రంజాన్ దాకా నిద్ర పోవాలనిపించింది.

"సరే, మీ దిక్కు దారెట్ల ఉంటదో చెప్పుండ్రి," అన్నాడు ఓపిక తెచ్చుకుని. "గుంతలా, ఇసుకనా, బురదనా? దాన్ని బట్టి బండి నేనే చెప్త."

మొగుడూ పెళ్లాలు మొహాలు చూసుకున్నారు.

"దారి గురించి నువ్వు ఫికర్ పెట్టుకోకు భాయ్," అన్నాడు దూలయ్య.

మూలన చిన్న ఎస్‌యూవీ ఒకటుంది. చూడ్డానికి జీపు, కొలిస్తే కారు. కొత్తగూడెం డాక్టరమ్మ ఒకావిడ వాడి అమ్మేసింది. జంపయ్య దాని చుట్టూ తిరిగాడు. తలుపు పట్టుకుని ఊపాడు.

"ఇవి ఊడతయా అన్నా?"

చాంద్ పాషాకు రోషం వచ్చింది. "నా షెడ్డుల బండి తలుపు ఊడుడా! అల్లా కసం, భూకంపమొచ్చినా ఊడదు!"

జంపయ్య మొహం వాడిపోయింది. "అస్సలుకే ఊడదా?"

"అరే, పానా పెడితే ఊడుద్ది గానీ..."

"మల్ల బిగియ్యొచ్చా?"

"బిగియ్యొచ్చు."

"సీట్లు గూడ?"

"సీట్లు గూడ."

జంపయ్య మొహం వెలిగిపోయింది. పెళ్లికొడుకు కళ అప్పుడే వచ్చేసిందనుకున్నాడు చాంద్ పాషా.

"ఏసీ ఉంది. మైలేజీ బ్రహ్మాండం," అని అందుకున్నాడు. ఈ మాటలు అతను నిద్రలో కూడా అంటాడని జహీరా ఎన్నోసార్లు మొత్తుకుంది. "ఒక్కసారి ట్రయల్ కొడదామా? గోదారి బ్రిడ్జి దాకా పోయొద్దాం."

"ట్రయల్ వద్దు గానీ," అన్నాడు దూలయ్య, "ఎంత బరువుంటది?"

"బరువేందన్నా? బండా, గొర్రెపోతా?"

"చెప్పు భాయ్."

"టన్నుకు జర ఎక్కువ."

దూలయ్య వేళ్లు మడిచి ఏదో లెక్క వేసుకున్నాడు. పెళ్లాం వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "మనోళ్లు చాలరు."

"సోమ్లా వాళ్ల తండాల గూడ చెబుదాం," అంది ముత్తక్క. "పిలిస్తే రాకుంట ఉంటరా? కూర మంచిగ వండి పెడదాం."

విందుకు జనం లెక్క చూసుకుంటున్నారు! చాంద్ పాషాకు ప్రాణం లేచొచ్చింది. ఇక బేరం తెగినట్టే.

తెగింది. దూలయ్య రుమాలు మూట విప్పి, ఊరంతా తునికాకు కోసి సంపాదించిన పైసలు ముందుకు జరిపాడు. లెక్కపెట్టే ఓపిక లేక చాంద్ పాషా ఆ మూటను కళ్లకద్దుకుని గల్లాపెట్టెలో వేశాడు. తర్వాత తాళంచెవి చాపాడు.

ముగ్గురిలో ఒక్కరూ చెయ్యి పెట్టలేదు.

"నడిపేదెవరు?"

"మాకు రాదు గద భాయ్."

"మీ ఊళ్ల ఎవరికొస్తది?"

"ఎవ్వరికీ రాదు."

చాంద్ పాషా లేచాడు. మోకాళ్లు రెండూ వేరువేరుగా మూలిగాయి. ఇవాళ శనివారం. ఎల్లుండే ఆ పెద్దసార్లు దిగేది. ఇంత దూరం వచ్చాక పిల్లగాడి పెళ్లి చెడగొట్టడం దేనికి?

"పదండి, ఎక్కండి. నేనే తెచ్చి మీ వాకిట్ల నిలబెట్టి పోత."

"వాకిలి దాకా నీకెందుకు తకలీఫ్, వాగు ఒడ్డున దింపితే చాలు భాయ్," అన్నాడు దూలయ్య, "ఆడ్నుంచి రెండు గుట్టలు మేం భుజాల మీద మోసుకపోతం, నాలుగు చక్రాల బండి ఒక్కటి గూడ లేని ఊరికి రోడ్డెందుకని పోయినసారి సార్లు ఎనక్కి పోయిండ్రు."