మిరపకాయ కారు

వింత ఆకారాల పాత బొమ్మకార్లంటే శివనాగరాజుకి పిచ్చి. బూటు కారు, చేప కారు, అన్నిటినీ అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసుకుంటాడు. ఆ మధ్యాహ్నం గుంటూరులో ఓ పాతసామాన్ల కొట్లో ఎండుమిరపకాయ ఆకారంలో ఉన్న రేకు కారు దొరికింది. లోపల స్టీరింగు పట్టుకుని గోరంత పిల్లాడి బొమ్మ.

"దీంతో ఆడుకునే పిల్లాడు పోయాడండీ. ఇంట్లో ఉంచుకోలేక ఇచ్చేశారు," అన్నాడు కొట్టతను.

ఆ మాట ఇంట్లో చెప్పకుండా కారుని బీరువాలో పెట్టి తాళం వేశాడు.

సాయంత్రానికి కూతురు వేదశ్రీకి ఒళ్ళు కాలిపోయింది. మందు వేసినా జ్వరం దిగలేదు. చీకటి పడ్డాక భార్య గీతాంజలి ఉప్పు, ఎండుమిరపకాయలు పాప చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. కాయలు నల్లగా మాడాయి. గదంతా పొగ నిండింది. ఎవరికీ దగ్గు రాలేదు.

"ఘాటే లేదేంటండీ," అంది గీతాంజలి గొంతు తగ్గించి. "మన చేలో కాయలే. తొడిమ తుంచితేనే తుమ్ములొస్తాయి. ఇది మామూలు దిష్టి కాదు."

బయట కళ్లంలో మిరపకాయల మీద కప్పిన పట్టా గాలికి కొట్టుకుంటోంది. కాసేపటికి అదీ ఆగింది.

అప్పుడు దగ్గు వినిపించింది. సన్నగా, ఉక్కిరిబిక్కిరవుతూ. గీతాంజలి పాప గుండెల మీద చెయ్యి వేసి చూసింది. దగ్గుతున్నది పాప కాదు.

గది మూలనున్న బొమ్మకార్ల బీరువా అద్దానికి లోపలివైపు ఆవిరి పట్టింది.

వేదశ్రీ కళ్ళు తెరవకుండానే అంది. "తాళం తియ్యి నాన్నా. వాడికి ఊపిరాడట్లేదంట. ఇక కారు నన్ను తోలమంటున్నాడు."