ఉప్పూ నిప్పూ ఒక ప్లాట్‌ఫామూ

"వెనక్కి వెళ్లే బటన్ ఏదండీ?" అంటూ ఆవిడ, ఆయన రాసిన యాప్ తెరిచి ఉన్న ఐఫోన్‌ను బల్లమీద ఆయన ముందుకు తోసింది.

ఆయన కళ్లజోడు సవరించుకున్నాడు. "ఆండ్రాయిడ్‌లో అది ఫోన్‌కే ఉంటుంది. మేం విడిగా పెట్టం."

"ఐఫోన్‌లో ఉండదు. లోపలికెళ్లినవాడు బయటికెలా వస్తాడు? ఇది యాపా, పద్మవ్యూహమా?"

ఆయన జేబులోంచి చిన్న ఆండ్రాయిడ్ ఫోనొకటి తీసి డైరెక్టరమ్మకు చూపించాడు. "ఆవిడ రాసింది దీంట్లో చూడండి మేడమ్. 'పంపు' బటన్ తెర కిందికి జారిపోయింది. ఖరీదైన ఫోన్లు తప్ప ఆవిడ కంటికి ఆనవు."

ఆయన ఆండ్రాయిడ్ బృందానికి పెద్ద, ఆవిడ ఐఫోన్ బృందానికి. ఆఫీసు వాళ్లకు పెట్టిన పేర్లు ఉప్పు, నిప్పు. ఇప్పుడు ఇద్దరికీ గండం ఒక్కటే. కంపెనీ కొత్త ప్లాట్‌ఫామ్ తెచ్చింది. దాంట్లో యాప్ ఒక్కసారి రాస్తే చాలు, అన్ని రకాల ఫోన్లలోనూ ట్యాబ్‌లలోనూ నడుస్తుంది. అంటే ఇక బృందం ఒక్కటే, పెద్దా ఒక్కరే. సముద్రం పక్క ఊళ్లో మూడు వారాల శిక్షణకు వెళ్లొచ్చినవాళ్లదే ఆ కుర్చీ. ఎవరిని పంపాలో తేల్చుకోవడానికి, వారం కిందటే చేరిన డైరెక్టరమ్మ ఇద్దరిచేతా చెరొక నమూనా యాప్ రాయించింది.

"ఆయన్ని పంపకండి మేడమ్. పదకొండేళ్లుగా చూస్తున్నాను, చెప్పిన మాట ఒక్కటీ చెవికెక్కించుకోరు," అంది నిప్పు.

"ఆవిడొక్కర్తే వెళ్తే నా ఫోన్ల గోడు ఎవరు పట్టించుకుంటారు? ఆవిడతో వాదించి గెలిచినవాణ్ణి ఇంతవరకు చూడలేదు."

"ఓడినవాణ్ణి రోజూ చూస్తున్నారుగా, అద్దంలో!"

పక్కన నోట్సు రాసుకుంటున్న పాత సెక్రటరీ కిటికీవైపు తిరిగి గట్టిగా దగ్గింది.

డైరెక్టరమ్మ రెండు ఫోన్లనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. ఆయన తప్పు ఆవిడకే దొరికింది, ఆవిడ తప్పు ఆయనకే. ప్లాట్‌ఫామ్ ఒక్కటైనా చూసే కళ్లు రెండు రకాలూ కావాలి.

"ఇద్దరూ వెళ్లండి," అంది చివరికి.

"ఈవిడతోనా!" ఉప్పు కుర్చీలోంచి లేచిపోయాడు.

"మూడు వారాలా!" నిప్పు నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"ఒకే యాప్, ఒకే బల్ల. తిరిగొచ్చాక ఇద్దరూ పెద్దలే. ఈలోగా కాస్త కలిసి మెలిసి ఉండటం నేర్చుకోండి."

మొహాలు మాడ్చుకుని ఇద్దరూ బయటికి నడిచారు. లిఫ్ట్ తలుపులు మూసుకునేదాకా ఒకరివైపు ఒకరు చూడనైనా లేదు.

మూసుకున్నాక ఆవిడ గొంతు తగ్గించింది.

"ఏమండీ, పిల్లల్ని అత్తయ్య దగ్గర దింపేద్దామా?"