వెనకాల కిటికీ

"మీది ఆంధ్రానా?"

షాపులోకి వస్తూనే ఆ అరబ్బావిడ అడిగిన మొదటి మాట అది.

అరబ్బు దేశంలో, హవల్లీ అనే ఊళ్ళో ఆ గిఫ్టు షాపులో కప్పుల మీదా కీచైన్ల మీదా ఫోటోలు అచ్చువేసే చినబాబుది రాజోలు. అరబ్బు ఆడవాళ్ళు ఊరూ పేరూ అడగరు, రేటు అడుగుతారు. అయినా సంతోషంగానే తలూపాడు.

ఆమె వాట్సాప్‌లో ఫోటో పంపింది. ఐదేళ్ళ పిల్లాడు, ముందు పుట్టినరోజు కేకు, వెనకాల గోడా కిటికీ. కప్పు మీద వెయ్యాలట.

"వాట్సాప్‌లో వస్తే ఫోటో నలిగిపోతుంది మేడమ్. ముఖం ముద్దగా పడుతుంది. అసలుది ఫోన్లో ఉందా?" అన్నాడు తనకొచ్చిన అరబీలో.

ఆమె ఫోనే చేతికిచ్చింది. కేబుల్ పెట్టి ఫోటోని కంప్యూటర్లోకి లాగాడు. ఇదీ ఫోటో అంటే! కేకు మీద క్రీము గీతలు కూడా లెక్కపెట్టచ్చు.

"వెనకాల కిటికీ కోసేస్తాను. బాబు పెద్దగా వస్తాడు."

"లా, లా. కొయ్యద్దు. కిటికీ ఉండాలి."

వింత బేరమే అనుకుంటూ, ఆ మూల ఎంత స్పష్టంగా ఉందో చూద్దామని పెద్దది చేశాడు. ఊచల వెనక అద్దానికి ఓ కాగితం అంటించి ఉంది. దాని మీద తెలుగు అక్షరాలు.

'తాళమేసినారు. తెలుగోళ్లు ఎవరైనా కాపాడండి. అంకాలమ్మ.'

కడప వైపు మాట. చినబాబు ఇంకోసారి చదివాడు.

తలెత్తాడు. ఆమె స్క్రీను చూడటంలేదు. అతని ముఖం చూస్తోంది.

"ఏమిటది?" కాగితం మీద వేలు పెట్టింది. "నీ భాషేనా?"

అప్పుడర్థమైంది అతనికి. కప్పూ లేదు, కాకరకాయా లేదు. పనిమనిషి తన మీద ఏం రాసిందో చదివించుకోడానికి తెలుగువాణ్ణి వెతుక్కుంటూ వచ్చింది మహాతల్లి. చదివి చెప్పాడో, ఆ అంకాలమ్మ ఒంటి మీద చర్మం మిగలదు.

"ఒక్క నిమిషం" అని లోపలికి పరిగెత్తాడు. అచ్చువేసే హీట్ ప్రెస్సు దగ్గరున్న తోటి పనివాడు బుజ్జిబాబుకి సంగతి చెప్పాడు.

"ఒరేయ్, మనకెందుకురా ఈ గోల? సుబ్బుగాడేమైపోయాడో మర్చిపోయావేంటి?"

మర్చిపోతే కదా! నిరుడు ఎవరో పనిమనిషి తరఫున మాట్లాడబోయి, సుబ్బు ఇఖామా, అదే ఇక్కడుండే పర్మిట్టు, పోగొట్టుకుని కట్టుబట్టలతో విమానం ఎక్కాడు. చినబాబు ఇంటికి ఇంకా శ్లాబు పడలేదు.

"నా సంగతి కాదురా. చెబితే ఆవిణ్ణి చంపేస్తారేమో."

"అందుకే చెప్పకు. చెరిపేసి ఇచ్చెయ్యి."

తిరిగొచ్చి కూర్చున్నాడు.

"భాష కాదు మేడమ్. పిల్లలు గీసిన పిచ్చిగీతలు."

"నిజంగా?"

"వల్లా! నిజం." ఏ దేవుడి మీద ఒట్టేశాడో ఆ క్షణంలో అతనికే తెలీదు. "కప్పెందుకు మేడమ్, కీచైను చేయించుకోండి. ముద్దుగా ఉంటుంది."

కీచైనైతే ఫోటో బొటనవేలంత. అది చాలక రిజల్యూషన్ బాగా తగ్గించి, కాగితం మీద మసక పూశాడు. బాగున్న ఫోటోని చేతులారా పాడుచెయ్యడం అతనికిదే మొదటిసారి. అక్షరాలన్నీ కలిసిపోయి తెల్లచుక్క అయ్యాయి.

ఆమె ఫోనుకి పెట్టిన కేబుల్ ఇంకా తియ్యలేదు. ఇంకో షాపులో చదివించకుండా ఆమె ఫోన్లో ఉన్న అసలు ఫోటో కూడా తుడిచేశాడు. కంప్యూటర్లోదీ తుడిచేశాడు. వాట్సాప్‌లో వచ్చిన నలిగినదాన్లో అక్షరాలు ఎలాగూ కనబడవు.

అంకాలమ్మా, నువ్వెవరివో గానీ గట్టెక్కావు అనుకున్నాడు.

బుజ్జిబాబు కీచైను తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఇంకా వేడిగా ఉంది. ఆమె దాన్ని అరచేతిలోకి తీసుకుని ఆ తెల్లచుక్క వైపు చాలాసేపు చూసింది. తర్వాత గుండెల నిండా ఊపిరి తీసి వదిలింది.

"అల్‌హమ్దులిల్లా, అది మా వాకిట్లోంచి కనబడే పక్కింటి కిటికీ, వాళ్ళ పనిమనిషి పది రోజులుగా కనబడకపోతే సాయం కోసం ఏమైనా రాసిందేమో, కప్పు వంకతో గుట్టుగా చదివించి పోలీసులకి చెబుదామని బయల్దేరాను, పిచ్చిగీతలేనని ఒట్టేశావు కనక ఇంక నిశ్చింతగా ఇంటికి పోతాను."