నలభై రెండో రకం

గంజాయి మందుల డిపోలో అమ్మాయి, కూతురి మూర్ఛల మందుకని వరహాలు ఇచ్చిన ఖాళీ సీసాను ఖాళీగానే తిరిగిచ్చింది.

“నలభై రెండో రకం ఇక పండించరక్కా. అది పడేది జిల్లా మొత్తానికి మీ పాపకీ, ఇంకో ముసలాయనకీ. ఆయన మొన్న పోయాడు. ఒక్కరికోసం మడి వెయ్యరట.”

“పోనీ వేరే రకం?”

“ఒకరికి నిద్రపట్టించేది ఇంకొకరికి దడ పుట్టిస్తుంది. మిగతావన్నీ వేసి చూశాంగా, పాపకి మూర్ఛలు ఎక్కువయ్యాయి.”

సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. పంచదార నిండుకుంటే గ్లాసుతో తెచ్చిచ్చే మనుషులు, ఎవరికి పడే రకం మందు వాళ్లు గిన్నెల్లో కాస్త కాస్త ఒంపి తెచ్చారు. వద్దనలేక వరహాలు ఒక్కో గిన్నే అందుకుంది. పొయ్యిగట్టు మీద పదకొండు గిన్నెలు చేరాయి.

“మందు దొరికిందా అమ్మా?” మంచం మీంచి పాప అడిగింది.

“అందరూ ఇచ్చారమ్మా,” అంది వరహాలు, గిన్నెల మీద మూతలు పెడుతూ.